ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ మార్చాలంటే

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ మూలన పడేది స్పీకర్ పోయి కాదు, బ్లూటూత్ చిప్ పోయి కాదు. చాలాసార్లు పోయేది గోరంత బ్యాటరీ ఒక్కటే. స్పీకరు, మైకులు, బోర్డు ఇంకో పదేళ్లు పనిచేయగలవు. వాటి పక్కన కూర్చున్న సెల్ రెండు మూడేళ్లలో నీరసించిపోతుంది. ఆ సెల్‌ని తీసి ఇంకోటి పెట్టే దారి లేకుండా జిగురుతో మూసేయడం వల్ల మొత్తం జతే చెత్తలోకి పోతోంది. ఇది సైజు తెచ్చిన ఇబ్బంది కాదని, తయారీదారు తీసుకున్న నిర్ణయమని లోపల ఒకసారి చూస్తే తెలుస్తుంది. ఏ మోడల్‌లో మార్చడం కుదురుతుందో, ఎలా మార్చాలో, ఎక్కడ చెడిపోతుందో చూద్దాం.

ముందు ఈ సెల్ ఎందుకంత త్వరగా పోతుందో చూడాలి. ఒక్కో బడ్‌లో ఉండేది మామూలుగా 40 నుంచి 70 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్, సెల్‌లో పట్టే ఛార్జి కొలత) సెల్. పాట నడుస్తున్నప్పుడు బడ్ సుమారు 10 మిల్లీఆంపుల కరెంటు లాగుతుందనుకుంటే 50 ఎంఏహెచ్ సెల్ అయిదు గంటలు వస్తుంది. లిథియం అయాన్ సెల్ 300 నుంచి 500 పూర్తి సైకిళ్లకు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) తన సామర్థ్యంలో అయిదో వంతు పోగొట్టుకుంటుంది. ఫోన్‌లో ఆ అయిదో వంతు పోయినా సాయంత్రందాకా నెట్టుకొస్తాం. బడ్స్‌లో అదే ఒక గంట తగ్గిపోవడం. రోజుకో రెండుసార్లు కేసులో పెట్టి తీసేవాళ్లకు సైకిళ్లు కూడా ఫోన్ కంటే వేగంగా పూర్తవుతాయి.

దీనికన్నా పెద్ద దెబ్బ కేసు కొడుతుంది. వాడనంతసేపూ బడ్స్ కేసులోనే ఉంటాయి, కేసు వాటిని ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంచుతుంది. లిథియం సెల్‌కి నిండు ఛార్జి, వేడి రెండూ కలిస్తే అంతకంటే కీడు లేదు. సాధారణంగా చెప్పే లెక్క ఏమిటంటే, 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జితో ఏడాది ఉంచితే సెల్ దాదాపు 4 శాతం సామర్థ్యం కోల్పోతుంది. అదే వేడిలో నిండు ఛార్జితో ఉంచితే 20 శాతం దాకా పోతుంది. 40 డిగ్రీలకు వెళ్తే నిండు సెల్ మూడో వంతు పోగొట్టుకుంటుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన కేసు 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. వాడకుండా నెలల తరబడి డ్రాయర్లో పడేస్తే దానికి ఉల్టా జరుగుతుంది. ముందు కేసు ఖాళీ అవుతుంది, తర్వాత బడ్స్ ఖాళీ అవుతాయి, ఆ తర్వాత సెల్ వోల్టేజి మెల్లగా 2.5 వోల్టుల కంటే కిందికి జారుతుంది. ఇంకా కిందికి పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి సెల్ మళ్లీ ఛార్జి ఎక్కినా నమ్మదగింది కాదు.

ఒక వైపు బడ్ మాత్రమే ముందు పోవడానికి కూడా కారణం ఉంది. పాత రకం బడ్స్‌లో ఫోన్ ఒక బడ్‌తోనే మాట్లాడుతుంది, ఆ బడ్ రెండోదానికి సౌండ్ చేరవేస్తుంది. ఆ మొదటి బడ్ ఎక్కువ కరెంటు తింటుంది. ఫోన్ కాల్‌కి ఒకే వైపు పెట్టుకునే అలవాటు ఉంటే ఆ వైపు సెల్‌కి సైకిళ్లు ఇంకా ఎక్కువ పడతాయి.

నిజంగా బ్యాటరీయేనా?

విప్పకముందు ఈ ప్రశ్నకు సమాధానం రావాలి. బడ్ సరిగా ఛార్జి కాకపోవడాన్ని బ్యాటరీ పోవడంగా పొరబడేవాళ్లు చాలామంది. రెండు బడ్స్‌ని కేసులో రెండు గంటలు ఉంచి, తీసిన వెంటనే రెండింటి శాతం చూడండి. తర్వాత ఒకే వాల్యూమ్‌లో, నాయిస్ క్యాన్సిలేషన్ ఆపి, ఆగిపోయేదాకా నడిపించి సమయం రాసుకోండి.

తీసినప్పుడు ఒకసారి 30, ఒకసారి 70, ఒకసారి సున్నా చూపిస్తే తప్పు సెల్‌ది కాదు, పిన్నులది. చెమట, చెవి గులిమి చేరి, కేసు పిన్నులు తగిలే లోహపు ఛార్జింగ్ చుక్కల మీద పచ్చని మురికి పేరుకుంటుంది. ఆ చుక్కల మీద వోల్టేజి ఉన్నప్పుడు చెమట ఉప్పు లోహాన్ని తినేస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో బడ్ వైపు చుక్కల్ని, కేసులోని స్ప్రింగ్ పిన్నుల్ని తుడవాలి. మొండికేస్తే చెక్క టూత్‌పిక్‌తో గీకొచ్చు గానీ బ్లేడుతో గీకకూడదు. పైనున్న బంగారు పూత లేచిపోతే కింది లోహం వారాల్లోనే తుప్పు పడుతుంది. కేసులోని స్ప్రింగ్ పిన్ను వేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. రాకపోతే అది ఇరుక్కుంది. మందంగా ఉన్న వేరే సిలికాన్ టిప్పులు వేసినా బడ్ కేసులో పూర్తిగా కూర్చోదు, మూత మూసినప్పుడు పక్కకు లేస్తుంది.

తీసినప్పుడు 100 చూపించి అరగంటలో పడిపోతే అది సెల్ సమస్యే. ఇంకో గుర్తు కూడా ఉంది. పాటలకు రెండు గంటలు వస్తూ, కాల్ ఎత్తగానే 40 శాతం దగ్గర్నుంచి ఒక్కసారిగా ఆగిపోతే సెల్ లోపలి నిరోధం పెరిగిందని అర్థం. కాల్లో మైకులు, ప్రాసెసర్ కలిసి ఎక్కువ కరెంటు అడుగుతాయి, ముసలి సెల్ వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది, బోర్డు ఖాళీ అయిందనుకుని ఆపేస్తుంది. చలిలో ఇది ఇంకా ముందే జరుగుతుంది.

కేసు సంగతి వేరుగా చూడాలి. 500 ఎంఏహెచ్ కేసు, ఒక్కోటి 50 ఎంఏహెచ్ ఉన్న బడ్స్ జతని కాగితం మీద అయిదుసార్లు నింపాలి. వోల్టేజి పెంచి తగ్గించడంలో కొంత పోతుంది కాబట్టి నిజానికి మూడున్నర, నాలుగుసార్లు వస్తుంది. ఒక్కసారికే చేతులెత్తేస్తే మార్చాల్సింది బడ్స్ సెల్స్ కాదు, కేసు బ్యాటరీ. అది ఎంతో సులువైన పని కూడా.

లోపల ఏ సెల్ ఉంది?

రెండు రకాలు కనిపిస్తాయి. చెవిలో గుండ్రంగా కూర్చునే బడ్స్‌లో ఎక్కువగా స్టీలు డబ్బీలో ఉండే నాణెం సెల్ ఉంటుంది. కిందికి కాడ వేలాడే బడ్స్‌లో కాడలో సన్నని గొట్టం సెల్ ఉంటుంది, కొన్నింటిలో పలచని రేకు సంచిలో ఉండే చిన్న పౌచ్ సెల్ ఉంటుంది.

నాణెం సెల్ పేరులోనే కొలత ఉంటుంది. 1254 అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసం, 5.4 మిల్లీమీటర్ల ఎత్తు. 1454, 1054 కూడా అంతే. 2019లో వచ్చిన మొదటి గెలాక్సీ బడ్స్‌లో వార్టా కంపెనీ సీపీ1254 ఉంది. సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం3, ఎక్స్ఎం4 మోడల్స్‌లో జెనిపవర్ కంపెనీ చేసిన జెడ్55 వరుస సెల్, అదీ ఇదే సైజు. అందుకే ఈ మోడల్స్‌కి సెల్ విడిగా దొరుకుతుంది. పౌచ్ సెల్ మీద ఆరు అంకెలుంటాయి: 401012 అంటే 4 మిల్లీమీటర్ల మందం, 10 వెడల్పు, 12 పొడవు. ఎయిర్‌పాడ్స్ మొదటి రెండు తరాల్లో కాడలో ఉన్న గొట్టం సెల్ 93 మిల్లీవాట్ అవర్లది, అంటే 25 ఎంఏహెచ్. వస్తువులు విప్పి రిపేరు ఎంత సులువో చూసే ఐఫిక్సిట్ సంస్థ వాటికి రిపేరు మార్కులు పదికి సున్నా ఇచ్చింది. మొదటి గెలాక్సీ బడ్స్‌కి ఆరు ఇచ్చింది. ఇంచుమించు ఒకే కాలపు వస్తువుల మధ్య అంత తేడా ఎక్కడిదంటే, ఒకదాన్ని జిగురుతో కప్పేశారు, రెండోదాంట్లో మామూలు నాణెం సెల్ వాడారు.

సెల్ కొనేటప్పుడు కొలత కంటే ముందు చూడాల్సింది ఛార్జి వోల్టేజి. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఈ మొత్తం పనిలో ప్రమాదకరమైన తప్పు ఇదే. కొన్ని సెల్స్ 4.2 వోల్టుల దాకా ఎక్కించేవి, కొన్ని 4.35 లేదా అంతకు మించి ఎక్కించేవి. బడ్ బోర్డు మీది ఛార్జింగ్ చిప్ పాత సెల్‌కి తగ్గట్టు అమర్చి ఉంటుంది. 4.35 ఇచ్చే బోర్డుకి 4.2 సెల్ తగిలిస్తే ప్రతి ఛార్జీ ఓవర్‌ఛార్జే. సెల్ ఉబ్బుతుంది, కారుతుంది, మంట కూడా రావచ్చు. తారుమారుగా 4.2 ఇచ్చే బోర్డుకి 4.35 సెల్ పెడితే ప్రమాదం లేదు, సామర్థ్యంలో పదో వంతు అటూ ఇటూగా తగ్గుతుంది, సెల్ ఆయుష్షు పెరుగుతుంది కూడా.

పాత సెల్ మీద ఏం రాసి ఉందో భూతద్దంతో చదవండి. 3.6 లేదా 3.7 వోల్టులు అని ఉంటే అది సాధారణంగా 4.2 రకం. 3.8, 3.85 అని ఉంటే 4.35 లేదా 4.4 రకం. వోల్టు రాయకపోతే వాట్ అవర్లని ఆంపియర్ అవర్లతో భాగించండి. 0.2 వాట్ అవర్లు, 55 ఎంఏహెచ్ అయితే 0.2ని 0.055తో భాగిస్తే 3.64 వస్తుంది, అంటే 4.2 రకం.

సీఆర్ అని మొదలయ్యే నాణెం బ్యాటరీ ఎంత సరిగ్గా సరిపోయినా పెట్టకూడదు. అది ఒక్కసారి వాడి పారేసేది, ఛార్జి ఎక్కిస్తే పగలొచ్చు. ఛార్జి ఎక్కేవాటికి సీపీ, ఎల్ఐఆర్ లాంటి పేర్లుంటాయి. 1254 సైజులో 110, 120 ఎంఏహెచ్ అని అమ్మేవాటిని నమ్మకండి. అంత చోటులో నాణ్యమైన సెల్ ఇచ్చేది సుమారు 50 నుంచి 75. కొత్త సెల్ చేతికి రాగానే మల్టీమీటర్ పెట్టి చూడాలి. 3.6 నుంచి 3.9 మధ్య ఉంటే మంచిది. 3.0 కంటే తక్కువ చూపిస్తే తిప్పి పంపండి. రెండు వైపులకీ ఒకే కంపెనీ, ఒకే వోల్టేజి ఉన్న జత కొనండి. ఒకే వైపు మార్చితే రెండు నెలలకి రెండోదాని కోసం మళ్లీ విప్పాల్సి వస్తుంది.

ఎత్తులో 0.4 మిల్లీమీటర్ తేడా వచ్చినా మూత మూసుకోదు. 5.0 ఉన్న చోట 5.4 పెట్టి నొక్కితే బోర్డు వంగుతుంది, లేదా సెల్ మీద నిత్యం ఒత్తిడి ఉంటుంది. రేకులు అంటే ట్యాబులు ఏ వైపు ఎలా వంగి ఉన్నాయో ఫొటో తీసి అలాంటి సెల్లే తెప్పించుకోవాలి.

విప్పడం

ముందుగా బడ్‌ని పూర్తిగా ఆగిపోయేదాకా నడపండి. ఖాళీ సెల్‌కి పొరపాటున షార్ట్ తగిలినా మంట అంతగా రాదు. వారంటీ ఉంటే ఇక్కడే ఆగి కంపెనీని అడగండి, విప్పాక వారంటీ ఉండదు.

కావాల్సినవి: సన్నని ప్లాస్టిక్ పిక్‌లు, 0.1 మిల్లీమీటర్ మందం స్టీలు రేకు, హెయిర్ డ్రయ్యర్, మెత్తని దవడలున్న చిన్న వైస్, సెరామిక్ లేదా ప్లాస్టిక్ మొన ఉన్న పట్టకారు, ఉష్ణోగ్రత పెట్టుకునే సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ సరిగా అంటుకునేలా చేసే ఫ్లక్స్, వేడి తట్టుకునే క్యాప్టన్ టేపు, మల్టీమీటర్, బీ-7000 జిగురు. పక్కన ఒక ఇసుక గిన్నె ఉండాలి. పట్టకారు లోహపుది వద్దు. నాణెం సెల్ పై మూతకి, పక్క గోడకి మధ్య ఉండే చోటు మిల్లీమీటర్ కంటే తక్కువ, లోహపు మొన ఆ రెండింటినీ తేలిగ్గా కలిపేస్తుంది.

బడ్ చుట్టూ అతుకు గీత ఎక్కడుందో వెతకండి. ఎక్కువ మోడల్స్‌లో చెవి బయటికి కనిపించే మూతకి, చెవిలోపలి భాగానికి మధ్య ఆ గీత ఉంటుంది. దాని మీద హెయిర్ డ్రయ్యర్‌తో నిమిషం పాటు, చేత్తో తాకితే చురుక్కుమనేంత వేడి చేయాలి, అంటే 60 డిగ్రీల దగ్గర. 80 దాటించకూడదు, లోపల సెల్ ఉంది. తర్వాత వైస్. మూతని కాకుండా గీతకి ఆనుకుని ఉన్న కింది భాగాన్ని దవడల మధ్య పెట్టి పావు చుట్టు చొప్పున బిగించాలి. గుండ్రని గోడ కొంచెం కోలగా నొక్కుకుంటుంది, మూత మాత్రం గుండ్రంగానే ఉంటుంది, మధ్యలో జిగురు పట్టు టక్ మని వీడుతుంది. శబ్దం వినిపించిన క్షణంలో ఆపేసి, బడ్ తిప్పి ఇంకో పక్క అదే చేయాలి. పిక్ దూరేంత సందు వచ్చాక ఇక వైస్ అక్కర్లేదు.

పిక్‌ని లోపలికి 1 మిల్లీమీటర్ మించి పంపకండి. మూత వెనక టచ్ సెన్సర్ ఫ్లెక్స్, అంటే వంగే పలచని సర్క్యూట్ పట్టీ ఉంటుంది. కొన్నింటిలో ప్లాస్టిక్ గోడ మీదే యాంటెన్నా గీసి ఉంటుంది, దాన్ని గీరితే బ్లూటూత్ రేంజి ఒక గదికి పడిపోతుంది. మైకు రంధ్రం ఉన్న పక్క నుంచి మొదలుపెట్టకండి. మూత లేచాక గబుక్కున లాగితే ఫ్లెక్స్ చిరుగుతుంది, ఆ పని చేస్తే రిపేరు అక్కడితో ముగిసినట్టే. పుస్తకం తెరిచినట్టు ఒక వైపుకి మెల్లగా వాల్చి, ఫ్లెక్స్ ఎటు నుంచి వస్తోందో చూసి, కనెక్టర్ ఉంటే దాని తాళం ఎత్తి విడదీయాలి. ఆ తాళం పలచని నల్ల పట్టీ, గోరుతో లేస్తుంది. ప్రతి పొర తీయకముందు ఫొటో తీయండి.

ఎక్కడ వదిలేయాలో కూడా చెప్పాలి. అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో (కంపనాలతో ప్లాస్టిక్‌నే కరిగించి అతికించి) మూసిన బడ్స్‌కి అతుకు వీడదు, ప్లాస్టిక్కే పగులుతుంది. కాడలో పౌచ్ సెల్ జిగురుతో ఇరికించిన వాటిలో సెల్ బయటికి లాగేటప్పుడు పౌచ్ చిరిగే అవకాశం ఎక్కువ. స్టీలు డబ్బీకి ఉన్న రక్షణ పౌచ్‌కి లేదు, లోహపు మొన గుచ్చుకుంటే పొగ, నిప్పురవ్వలు వస్తాయి. ఆ పొగ పీల్చదగింది కాదు. అతుకు దగ్గర బడ్ దానంతట అదే విచ్చుకుని ఉంటే సెల్ ఉబ్బిందని అర్థం. అలాంటిదానికి వేడి తగిలించకండి, పిక్ దూర్చకండి, ఇసుకలో పెట్టి ఈ-వేస్ట్ సేకరణకి ఇచ్చేయండి.

సెల్ మార్చడం

స్ప్రింగ్ పట్టీల మధ్య సెల్ ఊరికే కూర్చున్న మోడల్స్‌లో ఐరన్‌తో పనే లేదు. పాతది తీసి, కొత్తది అదే దిక్కులో పెట్టడమే. మిగిలిన వాటిలో సెల్‌కి ముందే స్పాట్ వెల్డింగ్ చేసిన నికెల్ రేకులు బోర్డుకి లేదా ఫ్లెక్స్‌కి సోల్డర్ చేసి ఉంటాయి.

ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది చూపుతో ఊహించకండి. మామూలు నాణెం బ్యాటరీ అలవాటుతో పెద్ద డబ్బీ వైపు ప్లస్ అనుకుంటారు, ఈ సెల్స్‌లో కంపెనీని బట్టి అది మారవచ్చు. పాత సెల్ ఇంకా బోర్డు మీద ఉండగానే మల్టీమీటర్‌తో కొలిచి, ప్లస్ ఉన్న చుక్క పక్కన మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఉల్టా తగిలితే ఛార్జింగ్ చిప్ తక్షణం పోతుంది.

రెండు రేకుల్నీ కత్తెరతో ఒకేసారి కత్తిరించకూడదు, కత్తెరే షార్ట్ చేస్తుంది. ఒకటి విడదీసి, దాని మీద క్యాప్టన్ టేపు వేసి, ఆ తర్వాతే రెండోది. ఐరన్ 320 డిగ్రీల దగ్గర, సన్న మొన, కాస్త ఫ్లక్స్. ఒక్కో చుక్క మీద రెండు సెకన్లు మించకూడదు. సెల్ డబ్బీ మీద నేరుగా సోల్డర్ చేయడం ఎప్పుడూ తప్పే. డబ్బీ రెండు సగాల మధ్య ఉండే ప్లాస్టిక్ వాషర్ కరిగితే సీలు పోతుంది, లోపలి పాలిథీన్ పొర 130 డిగ్రీల దగ్గర మెత్తబడి మూసుకుపోతుంది. ఆ రోజు పనిచేసినట్టే కనిపిస్తుంది, కొన్ని వారాలకి కారడం మొదలవుతుంది. అందుకే రేకులు వెల్డింగ్ చేసి ఉన్న సెల్లే కొనాలి. వేడి రేకు చివరి దగ్గరే ఆగేలా, సెల్‌కి దగ్గరగా రేకుని పట్టకారుతో పట్టుకుంటే వేడి కొంత అటు పోతుంది.

కొత్త సెల్ కింద పాతదానికి ఉన్నట్టే పలచని ఫోమ్ టేపు వేయండి. అది లేకపోతే నడిచేటప్పుడు సెల్ కదిలి చెవిలో టిక్ టిక్ మంటుంది, రేకు విరిగే ప్రమాదమూ ఉంది.

సెల్ పెట్టగానే బడ్ వెలగకపోతే కంగారు పడకండి. బోర్డు మీది రక్షణ చిప్ సెల్ విడిపోయినప్పుడు తాళం వేసుకుంటుంది, ఛార్జి అందితేనే తెరుస్తుంది. మూత మూయకుండానే బడ్‌ని కేసులో పెట్టి పది నిమిషాలు ఛార్జి ఎక్కించండి. లైటు వెలగాలి, సెల్ గోరువెచ్చకి మించి వేడెక్కకూడదు. తర్వాత టచ్, మైకు, చెవిలో పెట్టినట్టు గుర్తించే సెన్సర్, సౌండ్ అన్నీ పరీక్షించాకే జిగురు జోలికి వెళ్లాలి. శాతం లెక్క మొదట తప్పుగానే ఉంటుంది. పాత సెల్ గుర్తుతో 60 దగ్గర ఆగిపోవచ్చు, 10 దగ్గర గంట నడవచ్చు. రెండు మూడుసార్లు ఖాళీ చేసి నింపితే సర్దుకుంటుంది.

మూసేటప్పుడు

పాత జిగురు పూర్తిగా గీకి తీయకపోతే మూత సమంగా కూర్చోదు. కొత్తది సన్నని తీగలాగా ఒకే గీత వేయాలి. ఎక్కువైతే లోపలికి పారి మైకు రంధ్రాన్నో, గాలి ఒత్తిడి సర్దే చిన్న జాలీనో మూసేస్తుంది. ఆ జాలీ మూసుకుంటే బాస్ పోతుంది, నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేసినప్పుడు చెవిలో గుయ్ మంటుంది. దీనికి ఉల్టాగా అతుకులో ఎక్కడైనా సందు మిగిలినా బాస్ తగ్గుతుంది. స్పీకర్ వెనక గది గాలి చొరకుండా ఉంటేనే కింది స్వరాలు వస్తాయి.

ఫెవిక్విక్ రకం జిగుళ్లు వద్దు. వాటి ఆవిరి మైకు పొర మీద, గోడల మీద తెల్లగా పేరుకుంటుంది, రేపు మళ్లీ విప్పాలంటే ప్లాస్టిక్ పగులుతుంది. బీ-7000 లాంటిది రబ్బరులా ఉండి, మళ్లీ వేడి చేస్తే వీడుతుంది. రబ్బరు బ్యాండ్ చుట్టి రాత్రంతా ఉంచండి, పూర్తి బలం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత కూడా ఐపీఎక్స్4 లాంటి నీటి రక్షణ ఉందనుకోకండి, ఫ్యాక్టరీ సీలు ఇక లేదు.

కేసు బ్యాటరీ తక్కువ మాటల్లో: లోపలి ట్రే క్లిప్పులతో, కొంచెం జిగురుతో ఉంటుంది, కొన్నింటిలో అయస్కాంతాల కింద స్క్రూలు దాక్కుంటాయి. బ్యాటరీకి మూడు వైర్లుంటే మూడోది ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్‌ది, ఎక్కువగా 10 కిలో ఓమ్‌లది. రెండు వైర్ల బ్యాటరీ పెడితే చిప్ ఛార్జి ఇవ్వదు. పాతదాని థర్మిస్టర్ జాగ్రత్తగా తీసి కొత్తదానికి టేపుతో అతికించాలి. బ్యాటరీ తల దగ్గర టేపు కింద చిన్న రక్షణ బోర్డు ఉందో లేదో చూసి, అలాంటిదే తేవాలి.

ఇంత కష్టం ఎవరి వల్ల?

చిన్న వస్తువులో బ్యాటరీ తలుపు పెట్టలేమన్న మాటకి వినికిడి యంత్రాలే జవాబు. చెవి వెనకా, చెవి లోపలా పెట్టుకునే ఆ యంత్రాల్లో చాలావి బడ్స్ అంత చిన్నవే, కొన్ని అంతకన్నా చిన్నవి. వాటిలో చాలావాటికి దశాబ్దాలుగా చిన్న తలుపు ఉంది. పెద్దవాళ్లు వేలితో తెరిచి 312 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ మార్చుకుంటారు. అది 7.9 మిల్లీమీటర్ల వ్యాసం, 3.6 ఎత్తు ఉన్న బిళ్ల. జింక్-ఎయిర్ ఇచ్చే 1.4 వోల్టులు బడ్స్‌కి చాలవు, అది ఛార్జి ఎక్కదు, ఆ తేడా నిజమే. తలుపు, స్ప్రింగ్ అన్నవి మాత్రం ఆ సైజులో పనిచేస్తాయని వాటిని చూస్తే తెలుస్తుంది.

నీళ్లు చొరబడతాయన్న సాకు కూడా నిలవదు. 2024లో ఫెయిర్‌ఫోన్ కంపెనీ తెచ్చిన ఫెయిర్‌బడ్స్‌లో బడ్ చుట్టూ ఉన్న సిలికాన్ పట్టీ తీస్తే 45 ఎంఏహెచ్ సెల్ బయటికి వస్తుంది, కేసులోని 500 ఎంఏహెచ్ బ్యాటరీ కూడా మార్చుకోవచ్చు. బడ్స్‌కి ధూళి, నీటి చినుకుల నుంచి ఐపీ54 రక్షణ ఉంది. జిగురు బదులు రబ్బరు సీలు వాడారు, అంతే. ఐఫిక్సిట్ దానికి పదికి పది ఇచ్చింది.

యూరోపియన్ యూనియన్ 2023/1542 బ్యాటరీ నిబంధనలో 11వ అధికరణం 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలులోకి వస్తుంది. వస్తువుల్లోని చిన్న బ్యాటరీల్ని వాడేవాళ్లే, మామూలుగా దొరికే పనిముట్లతో తీసి మార్చుకోగలగాలని అది చెబుతోంది. ప్రత్యేక పనిముట్లు కావాల్సి వస్తే కంపెనీయే ఉచితంగా ఇవ్వాలి. వేడి గానీ, ద్రావకాలు గానీ వాడితేనే విడిపోయేలా ఉండకూడదు. మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా అయిదేళ్లు బ్యాటరీ విడి భాగంగా దొరకాలి. ఎప్పుడూ నీళ్లు పడే చోట వాడటానికే చేసిన, కడగడానికి వీలైన పరికరాలకి మినహాయింపు ఉంది. చెమటకి తట్టుకునే బడ్స్ కూడా ఆ కోవలోవే అని వాదించే కంపెనీలుంటే, ఆ వాదన ఒప్పుకోకూడదనే నా అభిప్రాయం. ఫెయిర్‌బడ్స్ కూడా చెమటకి తట్టుకుంటాయి కదా.

కొత్త జత కొనేముందు మూడు విషయాలు వెతకండి. ఆ మోడల్ విప్పిన ఫొటోలు చూసి లోపల ఉన్నది నాణెం సెల్లా, పౌచ్ సెల్లా, దాని నంబరేంటో తెలుసుకోండి. కంపెనీ బ్యాటరీని విడిగా అమ్ముతుందో లేదో, ఒక్క బడ్, ఒక్క కేసు విడిగా దొరుకుతాయో లేదో చూడండి. యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జి ఆపే సదుపాయం ఉంటే వాడండి. కొన్నాళ్లు వాడకుండా పెట్టాల్సి వస్తే బడ్స్, కేసు సగం ఛార్జితో ఉంచి, రెండు మూడు నెలలకోసారి నింపండి.

తీసేసిన పాత సెల్స్ రెండు ముఖాల మీదా టేపు అతికించి, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఇంటి చెత్తబుట్టలో వేస్తే చెత్త బండిలో నలిగినప్పుడు షార్ట్ అయి మంట రాజుకుంటుంది.